బోర్డమ్మ కుర్చీ, మరదలి డబ్బా

అరిచి మాట్లాడే ఇంట్లో ఎవరు కోపంగా ఉన్నారో, ఎవరు మామూలుగా ఉన్నారో బయటివాళ్ళకి అంతుపట్టదు. ఆ ప్రెస్సువాళ్ళ ఇల్లు సరిగ్గా అలాంటిది. కింద అచ్చు యంత్రం, పైన కాపురం. యంత్రం తిరుగుతుంటే మంచినీళ్ళు కావాలన్నా అరిచే అడగాలి, పసిపిల్లని ముద్దు చెయ్యాలన్నా అరిచే చెయ్యాలి. యంత్రం ఆపిన రోజున కూడా ఎవరి గొంతూ దిగేది కాదు. అలవాటు అలాంటిది.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల నెమ్మదిగా మాట్లాడే ఇంట్లోంచి వచ్చింది. మొదటి ఏడాదంతా తనను అందరూ తిడుతున్నారనుకుని ఏడ్చింది. ఆ తరవాత తెలిసింది, అందరూ తిట్టడం లేదు, ఒక్క ఆడపడుచే తిడుతోందని. ఇక లాభం లేదని తనూ అరవడం నేర్చుకుంది.

ఆ ఆడపడుచుని పనివాళ్ళ దగ్గర్నుంచి కాగితం లారీలవాళ్ళ దాకా అందరూ బోర్డమ్మ అనే పిలిచేవారు. పూర్వం ప్రెస్సుకి ఫోను బోర్డు పెట్టించినప్పుడు వాళ్ళ నాన్న దాన్ని యంత్రం గోడకి ఆనించి అద్దాల గదిలో పెట్టించాడు, తను యంత్రం దగ్గర్నుంచి కేకేస్తే వినపడాలని. కుర్చీకి ఎడమవైపు ఆ గోడ, కుడిచేతి వైపు ఫోను. పెద్దపిల్లని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ పెళ్ళయి వెళ్ళింది, భర్త పోయాడు, తిరిగొచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నమే, తెచ్చుకున్న పెట్టె కూడా విప్పకుండా, మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంది. అవతలివాడు హలో అనకముందే దగ్గుని బట్టి ఎవరో చెప్పేసేది. ఎవరి ఫోను ఎవరికి కలపాలో, ఎవరిది కలపకూడదో, ఎవరికి "అయ్యగారు ఇప్పుడే బయటికెళ్ళారండీ" అనాలో ఆవిడకి తెలిసినంతగా ప్రెస్సు యజమానికి తెలియదు. యజమానంటే ఎవరో కాదు, ఆవిడ తమ్ముడే.

ఆ కోడలికి, అంటే బోర్డమ్మ మరదలికి, ఆ కుర్చీ మీద కన్నుందని ఎవరూ అనలేరు. జరిగిందల్లా ఏమిటంటే, పాత ఫోను డబ్బా ఒకరోజు చచ్చి ఊరుకుంది. దానికి విడిభాగాలు దొరకవన్నారు. "నేను చేస్తా" అంది మరదలు. పెళ్ళికి ముందు ఆ పిల్ల ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసేది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని వదిలేసిన ఫోను వ్యవస్థ ఒకటుందిట. ఓపెన్ సోర్స్ అంటారు. మూలపడున్న కంప్యూటరులో దాన్ని ఎక్కించి, బయటి లైనూ ఇంట్లో ఫోన్లూ దానికి తగిలిస్తే అదే బోర్డులా పనిచేస్తుందిట.

"ఊరికే వస్తుందా?" అంది బోర్డమ్మ.

"ఊరికేనే వదినా."

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మా తమ్ముడు. పెట్టుకోండి, పెట్టుకోండి."

అక్కడితో పోయేదే. కాని ఒకనాడు భోజనాల దగ్గర మరదలు నోరుజారింది. ఈ వ్యవస్థలో ఇంకో సదుపాయం ఉంది, ఫోను మోగగానే ఒక ఆడగొంతు పలికి, అచ్చు పనికైతే ఒకటి నొక్కండి, బిల్లులకైతే రెండు నొక్కండి అంటుంది, మనిషే అక్కర్లేదు అంది. పెడతానని అనలేదు, పెట్టొచ్చు అంది, అంతే. బోర్డమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆ పూట నుంచి యుద్ధం. మొదటి బాణం "వినపడటం లేదు". ప్రతి ఫోనుకీ బోర్డమ్మ రిసీవరు చెవికి నొక్కిపెట్టుకుని, అద్దాల తలుపు బార్లా తెరిచి, యంత్రాన్ని మించి కేకేసేది.

"ఇదేం ఫోనే తల్లీ! అవతలివాడు నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది! మా నాన్న పెట్టిన బోర్డులో చీమ దగ్గినా వినపడేది!"

మరదలు పరిగెత్తుకొచ్చి చెవిన పెట్టుకుని చూసేది. బాగానే ఉండేది.

"బాగానే ఉంది కదా వదినా."

"నీకు బాగుంటే చాలా? ఫోనెత్తేది నువ్వా, నేనా?"

రోజూ ఇదే పాట. చివరికి ఒకరోజు లారీవాళ్ళూ, అచ్చు యంత్రం నడిపే మేస్త్రీ, తమ్ముడూ అందరూ ఉండగా బోర్డమ్మ రిసీవరు బల్ల మీద పడేసి, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందిట. ఇదీ మా ఇంటి చదువుకున్న కోడలి నిర్వాకం" అంది. లారీవాళ్ళు నవ్వారు. మరదలికి నెత్తురు తలకెక్కింది. తిన్నగా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. బయటి లైను వచ్చి చేరేచోట శబ్దం ఎంత ఉండాలో చెప్పే అంకెలు ఉంటాయి, లోపలికొచ్చే మాటకి ఒకటి, బయటికెళ్ళే మాటకి ఒకటి. రెండింటినీ చివరికంటా పెంచి పారేసింది. చెవులు పగలాలి, అప్పటికి గాని బుద్ధి రాదు అనుకుంది.

మర్నాడు బోర్డమ్మ ఫోనెత్తింది, విన్నది, పెట్టేసింది. "ఆఁ. ఇప్పుడు మనిషి ఫోనులా ఉంది. ఈ ఏడుపేదో ముందే ఏడిస్తే పోయేది కదా" అంది.

మరదలు పళ్ళు నూరుకుంది. నూరుకుని ఆ సంగతే మర్చిపోయింది. కోపంలో చేసిన పని మనిషికి పనిలా గుర్తుండదు, కోపంలాగే గుర్తుంటుంది.

పేజీల గొడవ మొదలైంది ఆ తరవాతే. ఆ ప్రెస్సుకి ఆధారం ఒక వారపత్రిక. పత్రిక ఆఫీసు దూరాన ఉంది, అచ్చు ఇక్కడ. వాళ్ళు పేజీలు కంప్యూటరులో దిద్ది, ఐఎస్‌డిఎన్ లైను మీద పంపేవారు. ఐఎస్‌డిఎన్ అంటే ఏమీ లేదు, ఒక తీగలోనే రెండు దారులు. ఒక దారిన మనుషుల మాటలు వెళ్తుంటే ఇంకో దారిన కంప్యూటరు సమాచారం వెళ్ళొచ్చు. వాళ్ళు అక్కణ్ణుంచి డేటా కాల్ చేస్తే ఇక్కడ పేజీల మెషీను ఎత్తుకుని, ఒక్కో పేజీ దింపుకునేది. అదే సమయంలో రెండో దారిలో సంపాదకుడు ఫోను చేసి, ఫలానా చోట ఫలానాది దిద్దండి అని చెప్పేవాడు. ఆ దిద్దుబాట్లు రాసుకునేది బోర్డమ్మ. ఆవిడ చీటీ ఇస్తే గాని మేస్త్రీ యంత్రం మీద చెయ్యి వేసేవాడు కాదు.

కొత్త వ్యవస్థ పెట్టాక మొదటిసారి వచ్చిన డేటా కాల్ పేజీల మెషీనుకి పోకుండా తిన్నగా బోర్డమ్మ ఫోనులో మోగింది. ఆవిడ ఎత్తి, "నమస్కారమండీ, ప్రెస్సు" అంది. అవతల బరబరా రొద. "ఎవరండీ? పలకరేం?" అంటే మళ్ళీ రొద.

"ఏమే మరదలా, నీ డబ్బా నన్ను బూతులు తిడుతోంది!"

ఆ వారం పేజీలు కారులో మనిషినిచ్చి పంపారు. పత్రిక ఆలస్యమైంది. తరవాతి వారం మరదలు ఏదో సర్దింది, ఈసారి పేజీల మెషీనే ఎత్తింది, పేజీలూ దిగాయి. దిగినవి చూస్తే అక్షరాల ముక్కలూ, నల్లటి చారలూ, బొమ్మలో మనిషి తల ఒకచోట, మొండెం ఒకచోట. సంపాదకుడు యజమానికి ఫోను చేసి, వచ్చే వారం పేజీలు లైనులో శుభ్రంగా దిగకపోతే అచ్చు వేరేచోట వేయించుకుంటాం, తరవాత మమ్మల్ని అనుకోవద్దు అన్నాడు.

ఆ మాట విని బోర్డమ్మ అద్దాల గదిలోంచి బయటికొచ్చింది. మేస్త్రీ ఉన్నాడు, పనివాళ్ళున్నారు, తమ్ముడున్నాడు.

"మా నాన్న పెట్టిన ప్రెస్సు నీ ఊరికే వచ్చిన డబ్బాకి బలైపోవాలా? తీసి వీధిలో పారెయ్యి."

"తప్పు డబ్బాదని ఎవరు చెప్పారు? లైనుది కావచ్చు" అంది మరదలు.

"ఆడలేక మద్దెల ఓడని! లైను బాగానే ఉంది, రోజంతా మాట్లాడుతున్నాను కదా."

మరదలికి ఒళ్ళు మండింది. "సరే వదినా. తప్పు నా వ్యవస్థదని తేలితే దాన్ని నా చేత్తోనే విప్పేస్తాను. మళ్ళీ మీ ఫోను గది గడప తొక్కను. కాదని తేలితే మీరు ఆ కుర్చీ దిగండి. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు పెడతా. అది తిట్టదు."

యంత్రం ఆగి ఉంది కాబట్టి ఆ మాట అందరికీ వినపడింది. తమ్ముడు "ఎందుకే, ఎందుకక్కా" అని ఇద్దరి వైపూ చూశాడు. అడకత్తెరలో పోకచెక్కకి ఎవరు జవాబు చెబుతారు?

"దిగుతా. దిగకపోతే అడుగు" అంది బోర్డమ్మ.

అలా ఆ వారమంతా మరదలికి నిద్రా తిండీ కరువైంది. ముందు లైను కంపెనీవాణ్ణి పిలిచింది. వాడొచ్చి గోడలో తీగకి తన పరికరం తగిలించి, లైను ముత్యంలా ఉంది అని పోయాడు. పేజీల మెషీనుని మధ్యలో కంప్యూటరు లేకుండా గోడకే తగిలించి చూసింది. పరీక్షకని పంపించిన పేజీ కడిగిన అద్దంలా దిగింది! కాని అలా ఉన్నంతసేపూ ప్రెస్సులో ఫోన్లన్నీ మూగబోయాయి, దిద్దుబాటు చెప్పే దారే లేదు. పైగా తప్పు తన వ్యవస్థదేనని తన చేత్తో తనే తేల్చుకున్నట్టయింది. ఈ సంగతి పసిగట్టిన బోర్డమ్మ పాట ఎత్తుకుంది, తలుపు తెరిచి మరీ.

మరదలు వెనక్కి తగ్గలేదు. మాటలో అవతలి గొంతు ప్రతిధ్వనించకుండా తుడిచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది మాటకి మేలు, డేటాకి కీడు. దాన్ని తీసేసింది. పేజీ కొంచెం మెరుగైంది. తల, మొండెం దగ్గరికొచ్చాయి, ఇంకా అతకలేదు. ఈ వ్యవస్థ రాసినవాళ్ళు కలుసుకునే చోటొకటి ఇంటర్‌నెట్‌లో ఉంటే అక్కడికి వెళ్ళి తన గోడు రాసుకుంది. ఎవరో ముఖం తెలియనివాడు జవాబిచ్చాడు, బోర్డమ్మకి మేనల్లుడేమో అనిపించేంత మర్యాదగా.

"చదవకుండా వచ్చి అడిగేవాళ్ళతో విసిగిపోయాం. డేటాని మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు. వచ్చింది వచ్చినట్టు దాటించాలి. మీరేదో ముట్టుకున్నారు. ఏం ముట్టుకున్నారో మాకెలా తెలుస్తుంది? మీకే తెలియాలి."

"నేనేం ముట్టుకోలేదు" అని రాసింది మరదలు. నిజంగానే అలా అనుకుంది పాపం.

"అయితే ఇంకేం, దెయ్యం ముట్టుకుని ఉంటుంది" అని రాశాడు వాడు. మళ్ళీ పలకలేదు.

పేజీలు రావాల్సిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి అచ్చు ప్లేట్లు సిద్ధం చేసుకుని, యంత్రం ఆపి, అందరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నట్టు కాదు, శవం లేచేది ఎప్పుడా అన్నట్టు. మొదటి పేజీ దిగింది, చారలు చారలుగా. మేస్త్రీ నాలుక చప్పరించాడు. బోర్డమ్మ అద్దంలోంచి చూసి, కుర్చీని ముందుకు లాక్కుని దర్జాగా కూర్చుంది.

మరదలు కంప్యూటరు పక్కనున్న ఫోనెత్తి పత్రిక ఆఫీసు టెక్నీషియనుకి చేసింది. ఆ మనిషి వారం రోజులుగా ఈవిడ పోరు పడలేక చిరాకు మీదున్నాడు.

"ఒక్కసారి ఆపి మళ్ళీ పంపండి" అంది.

"ఎన్నిసార్లండీ! ఇక్కడ నాకు వేరే పనుంది. అది సరే గాని మేడం, అరవకండి, నేను చెవిటోణ్ణి కాదు."

మరదలు ఆగిపోయింది. యంత్రం ఆగి ఉంది. తమ్ముడూ మేస్త్రీ వింటారని తను గొంతు తగ్గించి, దాదాపు పుట్టింట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నేను అరవడం లేదండీ."

"అరవకపోవడమేంటి? రిసీవరు మూరెడు దూరంలో పట్టుకుని వింటున్నా. మీ ప్రెస్సువాళ్ళంతా అంతే, ఈమధ్య మరీ ఎక్కువైంది. పాత డబ్బా ఉన్నప్పుడు కొంచెం నయం."

రిసీవరు పెట్టేసింది. ఎవరూ అనుమానపడలేదంటే ఎందుకు పడతారు? ప్రెస్సువాళ్ళు అరుస్తారని లోకానికంతా తెలుసు. ఫోనులో మాట గట్టిగా వస్తే అది మనుషుల గొంతనుకున్నారు గాని, అంకె అనుకోలేదు. ఆ ఇంట్లోవాళ్ళకి అవతలి మాట గట్టిగా వినపడితే, అవతలివాళ్ళు కూడా తమలాగే దారికొచ్చారనుకున్నారు.

ఆ లైనులో మాట కూడా అంకెలుగానే వెళ్తుంది. శబ్దం పెంచడమంటే ప్రతి అంకెనీ పెంచడం. మాటని పెంచితే అరుపవుతుంది, చెవి సర్దుకుంటుంది. పేజీకి చెవి లేదు. దాని అంకెల్ని పెంచితే తల ఒకచోట, మొండెం ఒకచోట. ముట్టుకున్న దెయ్యం ఎవరో మరదలికి తెలిసిపోయింది. ఆ రోజు లారీవాళ్ళు నవ్వితే, కోపంతో తను పెంచిన అంకెలు. పందెంలో ఓడింది తనే.

ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది, చల్లగా, కత్తి ఒరలోంచి జారినట్టు. ఆ టెక్నీషియను మూరెడు దూరంలో పట్టుకుని వినే శబ్దాన్ని వదిన చెవికి నొక్కిపెట్టుకుని, "ఇప్పుడు మనిషి ఫోనులా ఉంది" అంది. అంటే ఆవిడకి చెవుడు! డబ్బా మీద పడి ఏడ్చిందంతా చెవిని దాచుకోవడానికే. ఫోను బోర్డు దగ్గర కూర్చునే మనిషికి చెవుడని తెలిస్తే పందెం ఎవరు గెలిచినా ఆ కుర్చీ ఉండదు. ఒక్క మాట చాలు. తను ఓడి కూడా గెలవొచ్చు.

ముందు పని కావాలి కదా. అంకెలు రెండూ మొదట ఉన్న సున్నాకి తెచ్చి, మళ్ళీ పంపమని కబురు పెట్టింది. మెషీను మీద పచ్చదీపం వెలిగింది. మొదటి పేజీ నిలువునా, ఒక్క చార లేకుండా, తలలన్నీ మొండేలమీదే ఉంచుకుని దిగింది. మేస్త్రీ "అమ్మయ్య!" అన్నాడు. పనివాళ్ళు కేకలేశారు. తమ్ముడు కళ్ళు మూసుకుని గోడకి జారగిలబడ్డాడు. రెండో పేజీ, మూడో పేజీ కూడా అలాగే దిగుతున్నాయి.

అద్దాల గదిలో ఫోను మోగింది. సంపాదకుడు, దిద్దుబాట్లకి. బోర్డమ్మ ఎత్తింది.

మరదలు తన కుర్చీలోంచే చూసింది. రిసీవరు కుడిచెవికి నొక్కుకుంది వదిన. ఇంకా నొక్కుకుంది. కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఎడంచేత్తో బల్ల అంచు పట్టుకుంది. పెదవులు అవతలి మాటని అందుకోబోయి, అందక, ఊరికే కదిలాయి. ఎన్నడూ లేనిది ఆ ముఖంలో భయం కనపడింది. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు పెట్టినవాళ్ళ భయం. అంతలోనే సర్దుకుంది. "ఆఁ... ఆఁ... అలాగేనండీ. సరేనండీ. చెప్తానండీ." పెట్టేసింది. తలుపు తెరిచింది.

"అంతా బాగుందిట! అచ్చెయ్యమన్నారు!"

మేస్త్రీ యంత్రం వైపు కదిలాడు.

ఆ సంపాదకుడు పుట్టి బుద్ధెరిగాక బాగుందని చెప్పడానికి ఫోను చేసిన పాపాన పోలేదు. మరదలు లేచి నిలబడింది. నాలుక చివర దాకా వచ్చింది మాట. బాగుందని కాదు వదినా, మీకు వినపడలేదు. అందరూ ఉన్నారు, మళ్ళీ ఇలాంటి అదను రాదు. ఆవిడ ఇన్నేళ్ళూ తనను అన్న ప్రతి మాటకీ ఒక్క దెబ్బతో చెల్లు. కాని తన తప్పుతో తను పందెం ఓడిపోయి, ఆవిడ చెవుడుతో గెలవడమంటే కళ్ళు లేనివాడి చేతికర్ర లాక్కున్నట్టే. వదిన మీద జాలేసి కాదు, ఆ గెలుపు మీద అసహ్యమేసింది.

"మేస్త్రీ, ఆగు!" అని అరిచింది. ఆ ఇంటి గొంతుతోనే అరిచింది. "నా డబ్బా ఇంకా పూర్తిగా దారిలోకి రాలేదు. మాటలు సగం మింగేస్తోంది. వదినకి సగమే చేరి ఉంటాయి. మళ్ళీ చేయిస్తా, అందాకా యంత్రం ముట్టుకోకు."

"నాకు సగం చేరాయని నీకెవరు చెప్పారే?" బోర్డమ్మ గయ్యిమంది. "శుభ్రంగా వినపడింది!"

"మీకు వినపడింది వదినా, కాదన్నదెవరు? అది ఇచ్చిందే కదా మీరు విన్నారు. ఇవ్వనిదాన్ని మీరు మాత్రం ఎక్కణ్ణుంచి వింటారు? కూర్చోండి!"

"నన్ను కూర్చోమనడానికి నువ్వెవరే!" అంటూనే ఆవిడ కూర్చుంది.

మరదలు వేళ్ళు గబగబా ఆడాయి. లైను జోలికి పోలేదు. ఆ అద్దాల గదిలో బల్ల మీదున్న ఒక్క ఫోనుకే, దానిలోకి వచ్చే మాటకే శబ్దం పెంచింది. ఈ పని మొదటే ఇలా చెయ్యొచ్చు. కోపం కళ్ళకి అడ్డం వస్తే దగ్గరి దారి ఎవరికి కనపడుతుంది? తరవాత సంపాదకుడికి తనే ఫోను చేసి, లైను తెగిందండీ, దిద్దుబాట్లు మళ్ళీ చెప్పండి అని వదిన ఫోనుకి కలిపింది.

ఈసారి బోర్డమ్మ రిసీవరు నొక్కుకోలేదు. విన్నది. ఒక్కసారి తలెత్తి, అద్దంలోంచి మరదలి వైపు చూసింది. చూసి, కలం తీసుకుని రాసింది. చీటీ మేస్త్రీ చేతికిస్తూ, "మూడో పేజీలో పైనా కిందా ఫొటోల కింద రాతలు తారుమారయ్యాయిట. చనిపోయినాయన బొమ్మ కింద కొత్త పదవికి అభినందనలని ఉందిట. మార్చు. లేకపోతే రేపు ఆయన పెళ్ళాం వచ్చి నీకు పదవి ఇప్పిస్తుంది" అంది. పనివాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

యంత్రం తిరిగింది. పత్రిక వేళకి బండెక్కింది. అప్పుడు తమ్ముడు, సంతోషంలో ఒళ్ళు తెలియక, అడగకూడని మాట అడిగాడు.

"ఇంతకీ తప్పెక్కడుందిట?"

యంత్రం ఆపిన చేతులు తుడుచుకుంటూ మేస్త్రీ ఆగాడు. అందరికీ పందెం గుర్తుంది. బోర్డమ్మ కుర్చీ వదలకుండానే తల తిప్పింది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద బిగుసుకుని ఉన్నాయి.

"నాదే" అంది మరదలు. "లైను శబ్దం నేనే పెంచాను, కోపంతో. డేటా అంతా దానివల్లే చెడింది. డబ్బా నాదే, తప్పూ నాదే."

"ఎందుకు పెంచావు?" అన్నాడు తమ్ముడు.

"ఈవిడ నోరు మూయించడానికి."

దాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఇంకో నిజం మాత్రం అక్కడే ఆగిపోయింది. మరదలు వెళ్ళి కంప్యూటరు వెనక తీగల మీద చెయ్యి వేసింది. అన్న మాట అన్నమాటే కదా, విప్పాలి.

"ఏయ్" అంది బోర్డమ్మ. "ఎవరు విప్పమన్నారు?"

"పందెం కదా."

"పందెం గెలిచింది నేను. విప్పించుకోవాలో అక్కర్లేదో నా ఇష్టం. విప్పితే రేపు పొద్దున్న దేంతో మాట్లాడను, నీ నోటితోనా? ఉండనీ." ఆవిడ లేచి తలుపు దాకా వచ్చింది. "కాని ఆ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే దాని గొంతు ఈ ఇంట్లో వినపడితే మాత్రం, నీదీ దానిదీ కలిపి పిసికేస్తా."

"పెట్టను లెండి. మీ గొంతే భరించలేకపోతున్నాం, ఇంకోటి కూడానా?"

"నోరు చూడు, నోరు" అని తమ్ముడితో అని, ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

సాయంకాలం పనివాళ్ళు వెళ్ళాక మరదలు అద్దాల గదికి వెళ్ళింది, ఆ ఫోను తీగ సరిగ్గా బిగించడానికి. వదిన ఇంకా కూర్చునే ఉంది. మరదలు గోడవైపు, ఎడమపక్క నిలబడి, "మీ ఒక్క ఫోనుకే వేరుగా పెట్టాను. ఎవరైనా ఆ కంప్యూటరు ముట్టుకుంటే చెప్పండి" అంది.

జవాబు లేదు. ఇంకోసారి చెప్పింది. ఆవిడ ముఖం కూడా తిప్పలేదు. బిర్రబిగుసుకుని కూర్చుంది కాబోలు అనుకుని, "మీతో మాట్లాడటం నాది తప్పు" అని తలుపు వైపు నడిచింది. నడుస్తూ కుడిపక్కకి వచ్చింది.

"ఏదో గొణుగుతున్నావు, ఏంటది?" అంది బోర్డమ్మ.

మరదలు నిలబడిపోయింది. ఎడమవైపు గోడని చూసింది, ఆ గోడవతల ఇన్నేళ్ళు తిరిగిన యంత్రాన్ని తలుచుకుంది. తను కాపురానికి వచ్చిన కొత్తలో ఎన్నిసార్లు ఆ పక్క నుంచే పిలిచిందో, ఆవిడ పలకకపోతే పొగరనుకుని ఎన్నిసార్లు మనసులో తిట్టుకుందో గుర్తొచ్చింది.

"ఏం లేదు. తిడుతున్నా" అంది.

"తిట్టేదేదో ఇటుపక్కకొచ్చి తిట్టు. వెనక నిలబడి గొణిగితే మర్యాదస్తుల లక్షణం కాదు." ఆవిడ బల్ల మీద రిసీవరు సర్దింది, ఉన్నచోటునుంచి తీసి మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. "ఎవరికైనా చెప్పావో, చంపేస్తా."

"చెప్పడానికి ఏముంది? మీ నోరు పెద్దదని లోకానికంతా తెలుసు."

"ఆఁ. అదే చెప్పు."

మరదలు తీగ బిగించి, కంప్యూటరు మీద గుడ్డ కప్పి, అక్కడి దీపం ఆర్పి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే టీ చల్లారిపోయిందని వదిన రేపిన గొడవ వీధి చివరికి వినపడింది. మరదలు కూడా ఊరుకోలేదు. గ్లాసు పట్టుకుని, కుర్చీ చుట్టూ తిరిగి కుడిపక్కకి వెళ్ళి, అక్కడ నిలబడి, తీరిగ్గా మొదలుపెట్టింది.